పరాయి ఇంట పది నెలలు

హైస్కూల్ ఎక్స్ఛేంజ్ దరఖాస్తులో పిల్లల్ని అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టేది ఒక ఉత్తరం. ఎవరో, ఎక్కడుంటారో తెలియని కుటుంబానికి పదిహేనేళ్ల పిల్ల తన గురించి తాను రాసుకోవాలి. ఏం తింటుంది, ఏం ముట్టదు, కుక్కలంటే భయమా, సెలవు రోజు ఎలా గడుపుతుంది, తమ్ముడితో దేనికి గొడవపడుతుంది లాంటివన్నీ. దానికి తోడు ఇంట్లో దిగిన నాలుగు ఫొటోలు. ఏ అయోవాలోనో ఒహాయోలోనో ఒక ఇంటివాళ్లు అది చదివి, రాత్రి భోజనాల దగ్గర మాట్లాడుకుని, సరే ఈ అమ్మాయిని రమ్మందాం అనుకుంటే ప్రయాణం ఖాయం. ఎవరూ అలా అనుకోకపోతే మార్కులెన్ని ఉన్నా విమానం ఎక్కేది లేదు.

పేరులో స్కూలు ఉంది కాబట్టి ఇది చదువుకు సంబంధించిన వ్యవహారమని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. చదువు ఇందులో ఉన్న మాట నిజమే, కానీ దానిది రెండో స్థానం. ఈ పది నెలల్లో జరిగే మంచీ చెడూ, పిల్లలు జీవితాంతం చెప్పుకునే కబుర్లూ, పత్రికలకెక్కిన విషాదాలూ, ప్రభుత్వాలు ఒకదాని తర్వాత ఒకటి రాసుకుంటూ పోయిన నిబంధనలూ అన్నీ ఎక్కువగా ఆ పరాయి ఇంటి గడప చుట్టూనే తిరుగుతాయి. ఈ సంగతి ముందే తెలిస్తే సగం అపోహలు పోతాయి.

తెలుగువాళ్లకు అమెరికా చదువుల గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు. 2023-24 విద్యా సంవత్సరంలో అక్కడ చదువుకుంటున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అన్ని దేశాల్లోకీ మనదే పెద్ద సంఖ్య. అందులో హైదరాబాద్, విజయవాడ, విశాఖ వీధుల నుంచి వెళ్లినవాళ్ల వాటా ఎంత పెద్దదో కన్సల్టెన్సీల బోర్డులు చూస్తేనే అర్థమవుతుంది. జీఆర్ఈ, ఐ-20, ఎఫ్-1, ఓపీటీ అన్న మాటలు మన ఇళ్లల్లో అమ్మమ్మలకు కూడా వచ్చు. అదే ఇళ్లల్లో జె-1 వీసా మీద తొమ్మిదో తరగతో పదో తరగతో అయిన పిల్లలు ఏడాదిపాటు అమెరికన్ ప్రభుత్వ బడికి వెళ్లొచ్చని అంటే, అలాంటిదొకటి ఉందా అని అడుగుతారు. ఉంది, డెబ్బై ఐదేళ్లకు పైగా ఉంది.

దాని మూలం బడిలో కాక యుద్ధరంగంలో ఉండటం విచిత్రం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ సరిహద్దుల నుంచి గాయపడిన సైనికుల్ని మోసుకొచ్చిన అమెరికన్ వాలంటీర్ అంబులెన్స్ డ్రైవర్ల దళం పేరు అమెరికన్ ఫీల్డ్ సర్వీస్. 1915లో ఏ. పియట్ ఆండ్రూ దానికి ఒక రూపం తెచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలోనూ ఆ దళం మళ్లీ బండ్లెక్కింది. యుద్ధం ముగిశాక స్టీఫెన్ గలాటీ, ఆయన తోటి డ్రైవర్లు ఒక ప్రశ్న వేసుకున్నారు. ఇన్నాళ్లూ శరీరాల్ని మోశాం, ఇకముందు ఏం చేద్దాం? 1947లో పది దేశాల నుంచి 52 మంది విద్యార్థుల్ని అమెరికా రప్పించి, ఏడాదిపాటు చదువుకునే ఏర్పాటు చేశారు. నేటి ఏఎఫ్ఎస్ సంస్థకు అదే మొదలు. స్ట్రెచర్ మోసినవాళ్లు మొదలుపెట్టింది కాబట్టే కాబోలు, ఈ కార్యక్రమానికి మొదటి నుంచీ శాంతి మాటలు కొంచెం ఎక్కువే.

1951లో మరో అడుగు పడింది. ఓడిపోయిన జర్మనీ నుంచి 75 మంది టీనేజర్లను మిషిగన్‌లోని కుటుంబాలు తమ ఇళ్లల్లో పెట్టుకున్నాయి. ఆరేళ్ల కిందటి దాకా శత్రుదేశం! తమ కొడుకులు ఎక్కడ పోరాడి వచ్చారో తెలిసిన తల్లిదండ్రులే ఆ దేశపు పిల్లలకు పక్కలు వేశారు. రేచెల్ ఆండ్రెసన్ నడిపిన ఆ ప్రయత్నమే తర్వాత యూత్ ఫర్ అండర్‌స్టాండింగ్ అన్న సంస్థ అయింది. రోటరీ క్లబ్బులు అంతకన్నా ముందే, 1927లో ఫ్రాన్స్‌లోని నీస్ నగరం నుంచి ఇలాంటి రాకపోకలు మొదలుపెట్టాయి. రోటరీ పిల్లల్ని గుర్తుపట్టడం తేలిక. బ్లేజర్ కోటు నిండా ఇతర దేశాల పిల్లలతో మార్చుకున్న పిన్నులు గుచ్చుకుని తిరుగుతుంటారు. వాళ్లకు నాలుగు నిషేధాలు కూడా ఉంటాయి: బండి నడపకూడదు, మందు ముట్టకూడదు, మత్తుపదార్థాల జోలికి పోకూడదు, ప్రేమ వ్యవహారాలు పెట్టుకోకూడదు. మొదటి మూడూ అమలు చేయొచ్చేమో గానీ, పదహారేళ్ల వయసులో నాలుగోది ఎంతవరకు నిలుస్తుందో రోటరీ పెద్దలకూ తెలుసు.

ప్రైవేటు సంస్థలు నడిపేదాన్ని ప్రభుత్వాలు తమ దౌత్యానికి వాడుకోవడం తర్వాతి ఘట్టం. 1683లో క్రెఫెల్ట్ నుంచి 13 జర్మన్ కుటుంబాలు అమెరికా చేరి మూడు వందల ఏళ్లయిన సందర్భంగా 1983లో రెండు దేశాల పార్లమెంట్లు కలిసి విద్యార్థుల మార్పిడి మొదలుపెట్టాయి. ఖర్చంతా ప్రభుత్వాలదే. సోవియట్ యూనియన్ కూలిపోయాక సెనేటర్ బిల్ బ్రాడ్లీ చొరవతో 1992 నాటి చట్టం కింద ఫ్లెక్స్ అనే కార్యక్రమం పుట్టింది. మాజీ సోవియట్ దేశాల పిల్లలు అమెరికన్ ఇళ్లకు వచ్చారు. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత సెనేటర్లు ఎడ్వర్డ్ కెన్నడీ, రిచర్డ్ లూగర్ ముస్లిం జనాభా గణనీయంగా ఉన్న దేశాల పిల్లల కోసం మరొకటి తెచ్చారు. దాని పేరు కెన్నడీ-లూగర్ యూత్ ఎక్స్ఛేంజ్ అండ్ స్టడీ, ముద్దుగా 'యెస్'. ఆ దేశాల్లో భారత్ కూడా ఉంది. ఈ మూడింటి తేదీలు వరసగా చూస్తే అమెరికాకు ఏ కాలంలో ఎవరితో స్నేహం అవసరమైందో ఇట్టే తెలిసిపోతుంది.

అయితే ఆ రాజకీయమంతా వాషింగ్టన్‌లోనే ఆగిపోతుంది. చిన్న ఊళ్లో ఆ పిల్లకు అన్నం పెట్టే ఇల్లాలికి కెన్నడీ ఎవరో గుర్తుంటుంది గానీ లూగర్ గుర్తుండడు.

ఇక నిబంధనల విషయం. మన తల్లిదండ్రులు శ్రద్ధగా చదవాల్సింది ఇవే. జె-1 హైస్కూల్ విద్యార్థికి కార్యక్రమం మొదలయ్యే నాటికి కనీసం పదిహేనేళ్లు నిండాలి, పద్దెనిమిదిన్నర దాటకూడదు. కిండర్‌గార్టెన్ లెక్క తీసేస్తే పదకొండేళ్లకు మించి చదివి ఉండకూడదు. అంటే ఇంటర్ రెండేళ్లూ పూర్తిచేసినవాళ్లకు దారి మూసుకుపోయినట్టే. ఉద్యోగం చేయకూడదు. ఎప్పుడైనా పొరుగువాళ్ల పిల్లల్ని చూసుకోవడం, గడ్డి కోయడం లాంటి చిన్నాచితకా పనులకు మాత్రం అభ్యంతరం లేదు. ఏ ఊరికి వెళ్లాలో విద్యార్థి ఎంచుకోలేడు. చాలామంది చిన్న పట్టణాలకు, పల్లెటూళ్లకే చేరతారు. న్యూయార్క్ వెలుగులు, కాలిఫోర్నియా బీచ్‌లు ఊహించుకుని బయల్దేరినవాడు మొక్కజొన్న చేల మధ్య దిగడం ఈ కార్యక్రమంలో పాత హాస్యం.

మనవాళ్లను బాగా నిరాశపరిచే నియమం మరొకటుంది. బంధువుల ఇంట్లో ఉండటానికి వీల్లేదు. డాలస్‌లో బాబాయి ఉన్నాడు, న్యూజెర్సీలో పెద్దమ్మ కూతురు ఉంది, వాళ్లింట్లో పెడితే సరిపోతుంది కదా అన్న ఆలోచన ఇక్కడ పనికిరాదు. కారణం తేలికగానే అర్థమవుతుంది. బాబాయి ఇంట్లో ఉంటే పిల్లవాడు పప్పూ అన్నమే తింటాడు, తెలుగే మాట్లాడతాడు, వారాంతంలో తెలుగు సంఘం కార్యక్రమానికి వెళతాడు. దానికి జె-1 ఎందుకు?

ఇంటి గురించి నిబంధనల్లో ఎంత వివరంగా రాశారంటే పడక సంగతి కూడా వదల్లేదు. విద్యార్థికి తనకంటూ ఒక మంచం ఉండాలి. గాలి నింపే పరుపో, మడిచి పెట్టే సోఫానో పనికిరాదు. గది పంచుకోవాల్సి వస్తే అదే లింగానికి చెందిన ఒక్కరితో మాత్రమే. ఆ ఇంట్లో పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి ఒక్కరి నేరచరిత్రా తనిఖీ చేయాలి. సంస్థ ప్రతినిధి ఆ ఇంటికి వెళ్లి, కూర్చుని మాట్లాడి, గదుల ఫొటోలు తీసుకురావాలి. స్థానిక కోఆర్డినేటర్ 120 మైళ్ల లోపల ఉండాలి, నెలకోసారైనా పిల్లవాడితో మాట్లాడాలి. అయినా ఈ జాబితా చదివి ఇంత జాగ్రత్తా అని మురిసిపోవడానికి లేదు. వీటిలో చాలావాటి వెనక ఎక్కడో ఒకచోట జరిగిన పొరపాటు ఉంది.

అన్నిటికన్నా ఆశ్చర్యపరిచే నియమం డబ్బుకు సంబంధించింది. హోస్ట్ ఫ్యామిలీకి ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. విద్యార్థి తల్లిదండ్రులు సంస్థకు పది వేల డాలర్లు దాటే రుసుము కడుతుండొచ్చు, ఆ సంస్థకు ఆఫీసులు, జీతాలు ఉండొచ్చు, కానీ పది నెలలు అన్నం పెట్టి, బట్టలుతికే మెషీన్ చూపించి, ప్రాక్టీసుకు కార్లో దింపి తెచ్చేవాళ్లకు దక్కేదేమీ లేదు. ఆదాయపు పన్నులో మాత్రం నెలకు 50 డాలర్ల వరకు దానం కింద చూపించుకునే వీలుంది. దశాబ్దాలుగా ఆ అంకె కదల్లేదు. ఈ రోజుల్లో అది పిల్లవాడికి పాలకూ సీరియల్‌కూ కూడా చాలదు. మరి ఎందుకు పెట్టుకుంటారు? కొందరి పిల్లలు కాలేజీలకు వెళ్లిపోయి ఇల్లు బోసిపోయి ఉంటుంది. కొందరికి చిన్నప్పుడు తామే అలా వెళ్లొచ్చిన అనుభవం ఉంటుంది. కొందరు చర్చి ద్వారా వస్తారు. కొందరు తమ పిల్లలకు ప్రపంచం తెలియాలని. వీటన్నిటితోపాటు, అడిగినప్పుడు కాదనలేక ఒప్పుకున్నవాళ్లూ ఉంటారు. ఏటా జూలై వచ్చేసరికి ఇళ్లు దొరకని విద్యార్థుల జాబితా పట్టుకుని కోఆర్డినేటర్లు ఊళ్లో తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేస్తుంటారు. ఆ తొందరలో ఒప్పుకున్న ఇళ్లల్లోనే తర్వాత ఎక్కువ చిక్కులు వస్తాయన్నది ఈ రంగంలో అందరూ ఎరిగిన విషయం.

ఆ ఇంట్లో మొదటి సాయంత్రం ఎలా ఉంటుంది? సాధారణంగా ఇల్లంతా తిప్పి చూపిస్తారు. హీటర్ ఎంతలో పెట్టాలి, బాత్రూం ఎవరి తర్వాత ఎవరు వాడాలి, గిన్నెలు డిష్‌వాషర్‌లో ఏ అరలో సర్దాలి, చెత్త ఏ రోజు బయట పెట్టాలి. చివరగా ఫ్రిజ్ తలుపు తీసి, ఆకలైతే ఏదైనా తీసుకో అంటారు. మన పిల్లలు చిక్కుబడేది సరిగ్గా ఇక్కడే. మనింట్లో అతిథికి మూడుసార్లు వడ్డిస్తారు, రెండుసార్లు వద్దనడం మర్యాద. అక్కడ ఒక్కసారి వద్దంటే వద్దన్నట్టే. ఇంకొంచెం వేసుకోమని ఎవరూ బతిమాలరు. సాయంత్రం ఐదున్నరకో ఆరింటికో భోజనం అయిపోతుంది. ఎనిమిదిన్నరకు తినే అలవాటున్న పిల్ల పది గంటలకు ఆకలితో మంచం మీద దొర్లుతూ, పక్క గదిలోనే ఉన్న ఫ్రిజ్ తెరవడానికి మొహమాటపడుతుంది. తీసుకోమని చెప్పారు కదా అని ఎంత గుర్తుచేసుకున్నా చెయ్యి సాగదు. తెల్లారి ఆ ఇంటి అమ్మకు ఈ సంగతి చెప్పగలిగితే సగం సంవత్సరం గట్టెక్కినట్టే.

ఆమెను ఏమని పిలవాలన్నది ఇంకో ఇబ్బంది. యాభై ఏళ్ల మనిషిని లిండా అనో కరెన్ అనో పేరు పెట్టి పిలవడానికి మన పిల్లలకు నోరు రాదు. ఆంటీ అంటే ఆమెకు వింతగా ఉంటుంది. కొందరు 'మామ్' అనే అంటారు, మొదట్లో మొహమాటంగా, తర్వాత మామూలుగా. దసరాకో దీపావళికో ఇంటికి వీడియో కాల్ చేసినప్పుడు తెర మీద ఇద్దరు అమ్మలూ పలకరించుకుంటారు. చేతులూపుకోవడం, నవ్వుకోవడం, పిల్ల బరువు పెరిగిందా తగ్గిందా అన్న చర్చ. మధ్యలో దుబాసీ ఆ పిల్లే. తన గురించి ఫిర్యాదు చేసినా తనే అనువదించాలి.

స్కూలు సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. రోజుకు ఆరో ఏడో పీరియడ్లు, ప్రతి పీరియడ్‌కూ గది మారడం, లాకర్ నంబరు తాళం తిప్పలేక మొదటి వారమంతా పుస్తకాలన్నీ మోసుకు తిరగడం. లెక్కలు మనవాళ్లకు తేలిగ్గా ఉంటాయి, అమెరికన్ చరిత్ర కష్టంగా ఉంటుంది. ఇక్కడ ఎప్పుడూ చేయని పనులు అక్కడ సబ్జెక్టులే: వంట, వడ్రంగం, బృందగానం, నాటకం. చాలా రాష్ట్రాల్లో ఎక్స్ఛేంజ్ విద్యార్థి స్కూలు జట్లలో ఒక ఏడాది ఆడొచ్చు. చిన్న ఊళ్లో జట్టుకు మనుషులు చాలరు కాబట్టి ఫుట్‌బాల్ అంటే తెలియనివాణ్ణి కూడా పిలిచి ఆడిస్తారు. ప్రభుత్వ బడి సాధారణంగా రుసుము తీసుకోదు. అయితే చేర్చుకోవాలా వద్దా అన్నది బడి ఇష్టం, చాలా బడులు పట్టా కూడా ఇవ్వవు.

స్కూల్లో నిజమైన పరీక్ష మధ్యాహ్న భోజనం దగ్గర. ట్రే పట్టుకుని నిలబడ్డ కొత్త పిల్లకు హాల్లో ఏ బల్ల దగ్గర కూర్చోవాలో తెలియదు. బల్లలన్నీ చిన్నప్పటి నుంచి కలిసి పెరిగిన గుంపులవి. మొదటి రోజుల్లో అందరూ వచ్చి పలకరిస్తారు, నీ దేశం ఎలా ఉంటుందని అడుగుతారు. అక్టోబర్ నాటికి కొత్తదనం పోతుంది. ఆ తర్వాత మిగిలేవే స్నేహాలు.

ఈ ఎత్తుపల్లాల గురించి శాస్త్రం కూడా చాలానే మాట్లాడింది. 1955లో నార్వే సామాజిక శాస్త్రవేత్త స్వెర్రే లిస్‌గార్డ్ అమెరికా వెళ్లొచ్చిన 200 మంది నార్వేజియన్లను గమనించి ఒక గీత గీశాడు. మొదట ఉత్సాహం, మధ్యలో దిగులు, చివర్లో మళ్లీ కుదుటపడటం. దాన్ని ఇంగ్లిష్ అక్షరం 'యు' ఆకారంతో పోల్చారు. అరవైల్లో మరికొందరు తిరిగొచ్చాక వచ్చే దిగులునూ కలిపి దాన్ని రెండు లోయల గీతగా మార్చారు. నేటికీ ప్రయాణానికి ముందు శిక్షణ తరగతుల్లో ఆ గీతను బోర్డు మీద గీస్తూనే ఉన్నారు. చిక్కేమిటంటే, న్యూజిలాండ్ పరిశోధకురాలు కొలీన్ వార్డ్, ఆమె తోటివాళ్లు వచ్చిన రోజు నుంచీ కొందరు విద్యార్థుల్ని గమనిస్తూ పోతే ఫలితం వేరుగా వచ్చింది. అన్నిటికన్నా కష్టం తొలి రోజుల్లోనే, ఉత్సాహం ఉంటుందనుకున్న చోటే. గీత అందంగా ఉంది కాబట్టి బతికిపోయింది. దీని వల్ల నష్టం కూడా ఉంది. మొదటి వారమే ఏడుపొచ్చిన పిల్ల, అందరూ సంతోషంగా ఉండే కాలంలో నాకే ఇలా ఉందేమిటని లోపల్లోపలే కుములుతుంది.

ఈ ఏడాది పిల్లల్ని మారుస్తుందా అన్న ప్రశ్నకు జర్మనీలో ఒక గట్టి ప్రయత్నం జరిగింది. వెళ్లిన 876 మంది హైస్కూల్ విద్యార్థులనూ, వెళ్లని 714 మందినీ పక్కపక్కన పెట్టి పోల్చిన అధ్యయనం 2015లో వెలువడింది. వెళ్లినవాళ్లలో ఆత్మగౌరవం ఎక్కువగా పెరిగిందని తేలింది. ఏ పిల్లలు వెళ్లాలనుకుంటారో వాళ్లు మొదటి నుంచే కొంచెం వేరుగా ఉంటారు కదా అన్న అనుమానానికి పూర్తి జవాబు ఏ అధ్యయనమూ ఇవ్వలేదు, ఇవ్వడం కష్టం కూడా. పేరున్న పూర్వ విద్యార్థుల్ని చూపించడం అంతకన్నా బలహీనమైన వాదన. యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ అధ్యక్షురాలు క్రిస్టీన్ లగార్డ్ 1973-74లో మేరీల్యాండ్‌లో ఏఎఫ్ఎస్ విద్యార్థిని. ఐక్యరాజ్యసమితి ఉప ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన స్వీడన్ దౌత్యవేత్త యాన్ ఎలియాసన్ యాభైల్లో ఇండియానాలో చదివాడు. ఇండోనేసియా రాజకీయ నాయకుడు అనీస్ బస్వేదన్ విస్కాన్సిన్‌లో ఉన్నాడు. అలా వెళ్లకపోయినా వాళ్లు ఆ మెట్లు ఎక్కేవాళ్లేమో. ఈ పేర్ల వల్ల లాభం బ్రోషర్లకే.

చీకటి కోణం దాచిపెట్టి ఈ సమీక్ష రాయడం కుదరదు. 1992 అక్టోబర్ 17న లూసియానాలోని బేటన్ రూజ్‌లో, నగోయా నుంచి ఏఎఫ్ఎస్ ద్వారా వచ్చిన పదహారేళ్ల యోషిహిరో హట్టోరి, హోస్ట్ ఫ్యామిలీ కుర్రాడితో కలిసి హాలోవీన్ పార్టీకి బయల్దేరి పొరపాటున వేరే ఇంటి తలుపు తట్టాడు. ఇంటి యజమాని తుపాకీతో కాల్చాడు. క్రిమినల్ కోర్టు అతణ్ణి నిర్దోషి అన్నది, తర్వాత సివిల్ కోర్టు నష్టపరిహారం కట్టమన్నది. హట్టోరి తల్లిదండ్రులు ఇళ్లల్లో తుపాకులు వద్దంటూ జపాన్‌లో 17 లక్షల సంతకాలు సేకరించి అధ్యక్షుడు క్లింటన్‌కు అందజేశారు. కొడుకు పేర స్కాలర్‌షిప్ పెట్టి ఒక అమెరికన్ విద్యార్థిని జపాన్ రప్పించే ఏర్పాటు చేశారు. 2014లో మోంటానాలో ఒక జర్మన్ విద్యార్థి ఇలాగే ఒక గ్యారేజీలో కాల్పులకు బలయ్యాడు. అక్కడ మాత్రం కాల్చినవాడికి 70 ఏళ్ల జైలుశిక్ష పడింది. 2018 మే 18న టెక్సాస్‌లోని శాంటా ఫే హైస్కూల్లో జరిగిన కాల్పుల్లో చనిపోయిన పది మందిలో కరాచీ నుంచి యెస్ కార్యక్రమం మీద వచ్చిన పదిహేడేళ్ల సబికా షేక్ ఉంది. మరో మూడు వారాల్లో ఆమె ఇంటికి వెళ్లాల్సి ఉంది.

ఇవి అరుదైనవే. ఎంతమంది వెళ్లి క్షేమంగా వచ్చారో లెక్కేస్తే మరీ అరుదు. కానీ ఆ తల్లిదండ్రులకు చెప్పడానికి ఆ మాట పనికిరాదు.

వీటికన్నా తరచుగా జరిగేవి చిన్న నిర్లక్ష్యాలు. 2009లో పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్‌లో విదేశీ విద్యార్థుల్ని మురికిగా ఉన్న ఇళ్లల్లో, తిండి కూడా సరిగా పెట్టని చోట్ల ఉంచారన్న సంగతి బయటపడింది. పిల్లలు చెప్పుకోవడానికి ఎవరూ లేరు, చెప్పినా ఆలస్యంగా కదిలారు. అమెరికా విదేశాంగ శాఖ తన పర్యవేక్షణ లోపాన్ని ఒప్పుకుని, 2010లో నిబంధనలు బిగించింది. మంచం సంగతీ, ఫొటోల సంగతీ ఎందుకంత వివరంగా ఉన్నాయో ఇప్పుడు అర్థమవుతుంది. ఇక్కడి నుంచి పంపే తల్లిదండ్రులు సంస్థ పేరుప్రతిష్ఠల కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ ఊళ్లో కోఆర్డినేటర్ ఎవరు, ఆయన ఇంకెంతమంది పిల్లల్ని చూస్తున్నాడు? ఇల్లు నచ్చకపోతే మార్చుకోవచ్చని పిల్లలకు బయల్దేరకముందే గట్టిగా చెప్పాలి. ఇల్లు మారడం తప్పు చేసినట్టు కాదని కూడా. మన పిల్లలు సర్దుకుపోవడంలో మరీ గట్టివాళ్లు. సర్దుకుపోకూడనిచోట కూడా సర్దుకుపోతారు.

ప్రభుత్వాల లెక్కలు పిల్లల జీవితాల మీద నేరుగా పడిన సందర్భాలూ ఉన్నాయి. మిషిగన్‌లో ఒక రష్యన్ కుర్రాడు గడువు ముగిశాక వెనక్కి రాలేదన్న కారణం చూపి 2014లో రష్యా ఫ్లెక్స్ నుంచి తప్పుకుంది. ఇరవై ఏళ్లకు పైగా నడిచిన దారి ఒక్కసారిగా మూసుకుపోయింది. 2020 మార్చిలో కరోనా వచ్చి విద్యా సంవత్సరం మధ్యలోనే పిల్లల్ని విమానాలెక్కించారు. చాలామంది తోటివాళ్లకు సెలవు చెప్పే అవకాశం కూడా దొరకలేదు. 2025 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం ఇలాంటి కార్యక్రమాల నిధులను కొంతకాలం ఆపింది. అప్పటికి పిల్లలు అక్కడి ఇళ్లల్లోనే ఉన్నారు. మే చివర్లో ఎఫ్, ఎం, జె వీసాల కొత్త ఇంటర్వ్యూ అపాయింట్‌మెంట్లు నిలిపేసి, జూన్‌లో తిరిగి మొదలుపెట్టినప్పుడు సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనిపించేలా పెట్టాలన్న షరతు చేర్చారు. ఆగస్టులో బడి తెరుస్తారు, మే చివర్లో వీసా ఆగింది. ఆ మధ్యకాలంలో వీసా కోసం ఎదురుచూసిన ఇళ్లల్లో ఏ మాట నడిచి ఉంటుందో ఊహించుకోవచ్చు.

యూరప్‌లో ఈ ఏడాది సామాన్యమైన విషయం. ఇటలీలో హైస్కూలు ఐదేళ్లు. నాలుగో ఏడు విదేశంలో గడిపి, ఐదో ఏడుకు తిరిగి తమ బడికే వచ్చే పద్ధతిని అక్కడి విద్యాశాఖ గుర్తించింది. నార్వేలో విద్యార్థి రుణ సంస్థ ఈ ఏడాదికి కూడా సాయం చేస్తుంది. జర్మనీలో పేద కుటుంబాల పిల్లలకు ప్రభుత్వ విద్యాసాయం విదేశీ బడికీ వర్తిస్తుంది. జపాన్ 2018లో 'ఆసియా కకేహషి' పేర భారత్ సహా ఆసియా దేశాల హైస్కూల్ పిల్లల్ని తమ ఇళ్లకూ బడులకూ ఆహ్వానించడం మొదలుపెట్టింది. ఈ దేశాలన్నిటిలోనూ బడి ముందుకొచ్చి సర్దుబాటు చేస్తుంది. వెనక్కి వచ్చిన పిల్ల ఏ తరగతిలో కూర్చోవాలన్నది పెద్ద సమస్యగా ఉండదు.

మన దగ్గర అదే అసలు సమస్య. ఖర్చూ భయమూ తర్వాతి సంగతులు. మన రెండు రాష్ట్రాల చదువుల క్యాలెండర్‌లో ఖాళీగా ఉన్న ఏడాది వెతికితే దొరకదు. పదో తరగతి పబ్లిక్ పరీక్ష. ఇంటర్ మొదటి ఏడాదీ పబ్లిక్ పరీక్షే, రెండో ఏడాదీ పబ్లిక్ పరీక్షే. ఆ రెండేళ్ల చుట్టూ జేఈఈ, నీట్, ఈఏపీసెట్, వాటి కోసం తెల్లవారుజామున మొదలై రాత్రి దాకా సాగే కార్పొరేట్ కాలేజీ స్టడీ అవర్లు. కొన్ని స్కూళ్లలో ఎనిమిదో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్. పదిహేను నుంచి పద్దెనిమిదిన్నర ఏళ్ల వయసు, పదకొండేళ్ల చదువు అన్న జె-1 కిటికీ సరిగ్గా ఆ మూడేళ్ల మీదే తెరుచుకుంటుంది. ఏప్రిల్‌లో పదో తరగతి అయ్యాక ఆగస్టులో వెళ్లి మరుసటి జూన్‌లో తిరిగొచ్చిన పిల్లవాడు ఇంటర్‌లో తన కన్నా ఏడాది చిన్నవాళ్లతో కూర్చుంటాడు. ఒక ఏడాది పోయిందన్న మాట చుట్టాల నోట వినడానికి ఇంటివాళ్లు సిద్ధంగా ఉండాలి. నిజానికి నీట్ లాంగ్ టర్మ్ పేరుతో అదే ఏడాదిని ఏ బాధా లేకుండా వదులుకునే కుటుంబాలు మన దగ్గర వేలల్లో ఉన్నాయి. ఆ ఏడాదిని మాత్రం ఎవరూ పోయిన ఏడాది అనరు.

ఆసక్తికరమైన విషయమేమిటంటే, తెలుగు నేల నుంచి ఈ దారిలో వెళ్లినవాళ్లలో ఖరీదైన ఇంటర్నేషనల్ స్కూళ్ల పిల్లలే కాక, ప్రభుత్వ గురుకులాల పిల్లలు కూడా ఉన్నారు. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచీ ఆంధ్రప్రదేశ్ గురుకులాల నుంచీ యెస్ స్కాలర్‌షిప్ మీద ఎంపికై అమెరికన్ ఇళ్లల్లో ఏడాది ఉండి వచ్చినవాళ్లున్నారు. విమాన ఛార్జీ, బీమా, నెలవారీ చేతిఖర్చు అన్నీ స్కాలర్‌షిప్‌లోనే. ఎంపికకు ఇంగ్లిష్ పరీక్ష, గుంపు చర్చలు, ఇంటర్వ్యూలు ఉంటాయి. హాస్టల్ జీవితానికి అలవాటుపడిన ఆ పిల్లలకు ఇల్లు వదిలి ఉండటం కొత్త కాదు, తమ పనులు తాము చేసుకోవడం కొత్త కాదు. పళ్లెం తానే కడగాలంటే ఆశ్చర్యపోయే మధ్యతరగతి పిల్లవాడి కన్నా ఈ విషయంలో వాళ్లే ముందుంటారు. దివ్యాంగులైన పిల్లలకూ యెస్‌లో చోటుంది. వాళ్లకు ముందుగా ఓరెగాన్‌లో ప్రత్యేక శిక్షణ ఇచ్చి మరీ ఇళ్లకు పంపుతారు. నవంబర్‌లో అంతర్జాతీయ విద్యా వారం వస్తుంది. అప్పుడు ఈ పిల్లలు లంగా ఓణీలో, జుబ్బాలో తరగతి గదులకు వెళ్లి తమ ఊరి గురించి చెబుతారు. అలాంటి చోట పిల్లలకు తగిలే ప్రశ్నలకు పుస్తకాల్లో జవాబులుండవు. మీ ఊళ్లో ఏనుగులు తిరుగుతాయా, మీరంతా కులం చూసే పెళ్లి చేసుకుంటారా, ఇంత మంచి ఇంగ్లిష్ విమానంలో నేర్చుకున్నావా లాంటివి.

తిరిగొచ్చాక ఇంకో కథ మొదలవుతుంది. ఏడాదిపాటు తన నిర్ణయాలు తానే తీసుకున్న పిల్లకు స్టడీ అవర్లో లేచి నీళ్లు తాగడానికి అనుమతి అడగడం ఇబ్బందిగా ఉంటుంది. ఇంట్లో ఎదురు మాట్లాడుతోందని ఫిర్యాదు వస్తుంది. అక్కడి మామ్‌కు రాత్రి పన్నెండింటికి ఫోన్ చేసి మాట్లాడుతుంటే ఇక్కడి అమ్మకు కాస్త గుచ్చుకుంటుంది. కొన్నాళ్లకు ఇద్దరూ వాట్సాప్‌లో నేరుగానే మాట్లాడుకుంటారు, పిల్ల ప్రమేయం లేకుండా.

చివరగా, తెలుగు తల్లిదండ్రులు తప్పకుండా అడిగే ప్రశ్న. దీని వల్ల తర్వాత ఎమ్మెస్‌కో ఉద్యోగానికో అమెరికా వెళ్లడానికి అడ్డొస్తుందా? సొంత ఖర్చుతో వెళ్లినవాళ్లకు మామూలుగా ఏ ఇబ్బందీ లేదు. ప్రభుత్వ నిధులతో, అంటే యెస్ లాంటి స్కాలర్‌షిప్‌లతో వెళ్లినవాళ్లకు రెండేళ్ల నియమం వర్తిస్తుంది. స్వదేశంలో మొత్తం రెండేళ్లు ఉన్నాకే హెచ్-1బి, ఎల్ వీసాలకూ గ్రీన్‌కార్డుకూ అర్హత వస్తుంది. ఎఫ్-1 విద్యార్థి వీసాకు ఆ అడ్డు లేదు. పదిహేడేళ్లకు తిరిగొచ్చి, ఇంటర్ పూర్తిచేసి, నాలుగేళ్లు ఇక్కడే బీటెక్ చదివేవాడికి ఆ రెండేళ్లు ఎప్పుడు గడిచిపోయాయో కూడా తెలియదు.